తీర్పు వచ్చిన మర్నాడు

కడపలో అద్దెకు ఇల్లు వెతుక్కునే మగవాణ్ణి ఓనరు ముందుగా అడిగేది ఉద్యోగం సంగతి కూడా కాదు, "ఫ్యామిలీనా, బ్యాచిలరా?" అని. చాలా గేట్లకు వేలాడే టులెట్ బోర్డు మీద ఫ్యామిలీకి మాత్రమే అని ముందే రాసి ఉంటుంది. ఇప్పుడు ఒక నలభై రెండేళ్ల ఉద్యోగిని ఊహించుకుందాం. పెళ్లయింది, పాప పుట్టింది, నాలుగేళ్లు వాయిదాలు తిరిగాక విడాకులు వచ్చాయి. పాప తల్లి దగ్గర ఉంటుంది, నెలకు రెండు ఆదివారాలు వచ్చి పోతుంది. పల్లెలో ఒంటరిగా ఉన్న నాయన మోకాళ్లు చూపించుకోవడానికని వచ్చి ఇక ఇక్కడే ఉండిపోయేలా ఉన్నాడు. ఈ మనిషి ఫ్యామిలీనా, బ్యాచిలరా? ఓనరు ముందు అతను రెండు క్షణాలు ఆగుతాడు. ఏ జవాబు చెప్పినా సగం అబద్ధమే అవుతుంది.

ఆ తడబాటు దగ్గరే మంచి సిట్‌కామ్ మొదలవుతుంది. సిట్‌కామ్ అంటే సిచువేషన్ కామెడీ, అంటే పరిస్థితిలోంచి పుట్టే హాస్యం. కథ ముందుకు పరుగెత్తడం కన్నా ఒక పరిస్థితి నిలకడగా ఉండటం దీనికి ముఖ్యం. అవే గదులు, అదే ఆఫీసు, అవే నాలుగైదు మొహాలు. వారానికొక చిన్న చిక్కు వస్తుంది, ఇరవై రెండు నిమిషాల్లో విడిపోతుంది, మనుషులు మళ్లీ ఉన్నచోటికే వస్తారు. విడాకులు తీసుకున్న మగవాణ్ణి అలాంటి పరిస్థితి నడుమ కూర్చోబెట్టి, అతని ఉద్యోగం చుట్టూ, ప్రేమ ప్రయత్నాల చుట్టూ పదకొండు సీజన్లు నడిపిన అమెరికన్ సీరియల్ ‘ఫ్రేజియర్’. 1993 సెప్టెంబరులో ఎన్‌బీసీ చానల్లో మొదలై 2004 మేలో ముగిసింది. మొత్తం 264 ఎపిసోడ్లు. మొదటి ఐదు సీజన్లకూ వరసగా ఉత్తమ కామెడీ సీరియల్ ఎమ్మీ అవార్డు దానికే దక్కింది. అన్ని విభాగాలూ కలిపి 37 ఎమ్మీలు.

తెలుగు టీవీలో ఇలాంటిది ఒక్కటీ గట్టిగా నిలబడలేదు. మనవాళ్లకు విడాకులంటే నచ్చవు కాబట్టి అని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. కానీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా వచ్చే మన సీరియళ్లలో విడాకుల మాట వినిపించని రోజే ఉండదు. కాబట్టి కారణం ఇంకెక్కడో ఉంది. అది చూడాలంటే ముందు ఫ్రేజియర్ ఎక్కడ మొదలవుతుందో గమనించాలి.

డాక్టర్ ఫ్రేజియర్ క్రేన్ మానసిక వైద్యుడు. ఈ పాత్ర కొత్తగా పుట్టింది కాదు. బోస్టన్‌లోని ఒక బార్ చుట్టూ తిరిగే ‘చీర్స్’ అనే సీరియల్లో 1984 నుంచీ ఉన్నాడు. అది 1993లో ముగిశాక, అందులోంచి ఈ ఒక్క మనిషిని తీసి, సొంత ఊరు సియాటిల్‌కు పంపించారు. కెల్సీ గ్రామర్ రెండింట్లోనూ అదే పాత్ర వేశాడు. మొదటి ఎపిసోడ్‌లోనే తన సంగతి తానే చెప్పుకుంటాడు. భార్య వదిలి వెళ్లింది, అది బాధ. తర్వాత తిరిగొచ్చింది, అది అంతకన్నా నరకం. వైద్యం చప్పబడిపోయింది, రోజూ రాత్రి అదే బార్. చివరికి అన్నీ తెంచుకుని పుట్టిన ఊరికి వచ్చేశాడు. గమనించాల్సింది ఏమిటంటే, కథ మొదలయ్యేసరికి కోర్టు పని అంతా అయిపోయింది. భార్య లిలిత్ తప్పా, భర్త తప్పా అనే విచారణ లేదు. తీర్పు వచ్చేసింది. ఇది ఆ మర్నాటి కథ.

ఆ మర్నాడు అతను ఏం కోరుకున్నాడో ఇల్లు చూస్తే తెలుస్తుంది. ఎత్తైన అపార్ట్‌మెంట్, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది, ఒక్కో వస్తువూ ఏరి కోరి కొన్నది. ఒక మనిషి తన జీవితాన్ని ఈసారైనా తన ఇష్టప్రకారం సర్దుకోవాలనుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అంతలో తమ్ముడు నైల్స్ వస్తాడు. నాయన సంగతి తేల్చాలంటాడు. తండ్రి మార్టిన్ రిటైరైన పోలీసు. డ్యూటీలో తుంటికి తూటా తగిలింది, చేతికర్ర లేనిదే నడవలేడు, ఒంటరిగా ఉంచితే పడిపోతున్నాడు. పెద్దకొడుకు దగ్గరే ఉండాలి. తండ్రి వస్తాడు, ఆయన వెనక కుక్క వస్తుంది, ఆ వెనక ఒక కుర్చీ వస్తుంది. చారల గుడ్డ, అక్కడక్కడా చిరిగితే టేపు అతికించిన పాత వాలుకుర్చీ. ఆ అద్దంలాంటి హాలు నడుమ దాన్ని దించుతారు. పదకొండేళ్లూ అది అక్కడే ఉంది.

మొదటి సీజన్లోనే ఈ కుర్చీ మీద ఒక ఎపిసోడ్ ఉంది. ఫ్రేజియర్ దాన్ని వదిలించుకుని తండ్రికి ఖరీదైన కొత్త కుర్చీ కొంటాడు. తండ్రి అరవడు. తనకు ఆ పాత కుర్చీయే ఎందుకు కావాలో మెల్లగా చెబుతాడు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన రాత్రి అందులో కూర్చునే చూశాడు. మనవడు పుట్టాడని ఫోన్ వచ్చినప్పుడు అందులోనే ఉన్నాడు. టీవీ ముందు నిద్రపోతే భార్య వచ్చి ముద్దు పెట్టి లేపేది. ఇప్పుడూ అందులో నిద్రపోతూ ఉంటాడు, ఒక్కోసారి మెలకువ వచ్చినప్పుడు ఆమె పక్కన నిలబడి ఉంటుందనే అనుకుంటాడు. ప్రేక్షకులు అప్పటిదాకా ఆ కుర్చీని చూసి నవ్వారు. ఆ తర్వాత కూడా నవ్వుతారు, కానీ ఇక అది మామూలు కుర్చీ కాదు.

కడప జిల్లా పల్లెల నుంచి కొడుకు దగ్గరికి టౌనుకు వచ్చిన నాయనలు చాలామంది ఒక నులక మంచం వెంట తెచ్చుకుంటారు. టైల్స్ వేసిన హాల్లో దానికి చోటుండదు, మేడ మీద వరండాలో పడుతుంది. కోడలికి అది అడ్డు, కొడుక్కి నామోషీ. మంచం జోలెలా సాగినా నవారు వేయించడానికి ఆయన ఒప్పుకోడు. ఆ మంచం తెలిసిన వాళ్లెవరికీ మార్టిన్ కుర్చీని విడమర్చి చెప్పక్కర్లేదు. అమెరికా ప్రేక్షకుడికి ఫ్రేజియర్‌లో కొత్తగా తోచింది ఇదే: విడాకులైన మగవాడు ఒంటరిగా స్వేచ్ఛగా బతకబోతుంటే తండ్రి వచ్చి ఇంట్లో దిగడం. మనకు అది కొత్త కాదు, రోజూ చూసే సంగతే. విడాకులైన కొడుకు ఒంటరిగా ఉండటమే మనకు వింత. పరాయి దేశం సీరియల్ అయినా దాని పునాది మన ఇంటికి అంత దగ్గరగా ఉంది.

ఇక ఉద్యోగం. ఫ్రేజియర్ సియాటిల్‌లో కెఎసిఎల్ అనే రేడియో స్టేషన్లో కాల్ ఇన్ షో చేస్తాడు. ఆ పేరులో ఎ, సి, ఎల్ అనేవి సీరియల్ సృష్టికర్తలు డేవిడ్ ఏంజెల్, పీటర్ కేసీ, డేవిడ్ లీ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. కష్టంలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తారు, ‘వింటున్నాను, చెప్పండి’ అంటాడు, సలహా ఇస్తాడు. 1963లో ఆకాశవాణి కేంద్రం వచ్చిన ఊరు కడప. రేడియో గొంతును ఇంటి మనిషి గొంతులా వినడం ఇక్కడి పెద్దతరానికి బాగా తెలుసు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడినట్టు అనే సామెత ఫ్రేజియర్ ఉద్యోగానికి సరిగ్గా సరిపోతుంది. ఊరందరి కాపురాలూ చక్కదిద్దే మనిషికి తన ఇంట్లో తండ్రితో అయిదు నిమిషాలు మాట్లాడటం రాదు. రచయితలు మొదటి ఎపిసోడ్‌లోనే ఈ రెండు తీగలనూ ముడివేశారు. ఇంట్లో గొడవపడిన తర్వాత షోకి ఒక ఫోన్ వస్తుంది. కొడుకు ఇంట్లో దిగాను, కుదరడం లేదు, మా మధ్య టెన్షన్‌గా ఉంది అంటుంది అవతలి గొంతు. అది మార్టిన్. వాడు కొత్త జీవితం ఏదో అనుకున్నాడు, నేను అడ్డుపడ్డాను కాబోలు అంటాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాట, ఊరంతా వింటున్న రేడియోలో చెప్పగలిగాడు. ఆ ఒక్క ఫోన్‌తో ఉద్యోగం, ఇల్లు వేర్వేరు కథలు కాకుండా పోయాయి. మన సీరియళ్లలో ఉద్యోగం అంటే ఎక్కువగా ఒక అద్దాల క్యాబిన్, దాని మీద ఎండీ అనే బోర్డు. మనిషి నిజంగా ఏం పని చేస్తాడో, ఆ పని అతనికి ఏం నేర్పిందో తెలియదు. ఈ లోటు చిన్నది కాదు.

ప్రేమ విషయానికొస్తే, ఫ్రేజియర్ పదకొండేళ్లలో ఎంతోమంది స్త్రీలతో పరిచయం పెంచుకుంటాడు, ఒక్కటీ నిలవదు. అతనికి దురదృష్టం పట్టిందని రచయితలు చూపించరు. ప్రతిసారీ అతని స్వభావమే చెడగొడుతుంది. ఎదుటి మనిషి మాటను మాటగా వినడు, దాని వెనక ఇంకేదో ఉందని తవ్వుతాడు, తవ్వి తవ్వి ఉన్న నేలను కూడా పోగొట్టుకుంటాడు. అసలైన ప్రేమకథను తెలివిగా తమ్ముడికి ఇచ్చారు. నైల్స్‌కు మారిస్ అనే భార్య ఉంది, ఆమెను ప్రేక్షకులు ఒక్కసారి కూడా చూడరు. నైల్స్ మనసు మాత్రం తండ్రిని చూసుకోవడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు డాఫ్నీ మీద ఉంటుంది. ఆ మాట నోరు తెరిచి చెప్పి ఇద్దరూ ఒక్కటవడానికి ఏడు సీజన్లు పట్టింది. ఈలోగా అతని విడాకులు కూడా సీజన్ల తరబడి సాగుతాయి, డబ్బుకు కటకటలాడి చిన్న గదికి మారతాడు. కోర్టు ఖర్చులు మనిషిని ఎలా అరగదీస్తాయో ఆ భాగంలో నవ్విస్తూనే చూపించారు.

అన్నిటికన్నా మెచ్చుకోదగింది లిలిత్. ఫ్రేజియర్ మాజీ భార్య. ఆమె కూడా మానసిక వైద్యురాలే. అప్పుడప్పుడు సియాటిల్ వస్తుంది. ఇద్దరికీ ఒక కొడుకు ఉన్నాడు, వాడి బడి, వాడి ఆరోగ్యం మాట్లాడుకోవాలి. ఒకరి లోపాలు ఒకరికి కంఠతా వచ్చు, ఒకరి తెలివి మీద ఒకరికి గౌరవం. ఒక్కో ఎపిసోడ్‌లో పాత ఆపేక్ష పైకి వస్తుంది, అయినా తిరిగి కలవరు. ఆమెను రాక్షసిని చేయలేదు, కన్నీటి బొమ్మనూ చేయలేదు. విడాకులు తీసుకున్న మగవాడి కథ న్యాయంగా ఉందో లేదో చూడాలంటే, అందులో ఆ భార్య ఎలా కనిపిస్తుందో చూస్తే చాలు.

అమెరికా టీవీ ఈ స్థితికి ఒక్క రోజులో రాలేదు. కాలిఫోర్నియాలో ఎవరి తప్పూ నిరూపించకుండా విడాకులు తీసుకునే చట్టం 1969లో వచ్చి 1970 జనవరి నుంచి అమలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ‘ది మేరీ టైలర్ మూర్ షో’ మొదలైంది. అందులో నాయికను విడాకులు తీసుకున్న స్త్రీగా రాయాలని రచయితలు అనుకున్నారు, సీబీఎస్ చానల్ ఒప్పుకోలేదు. పెళ్లి దాకా వచ్చి విడిపోయిన అమ్మాయిగా మార్చారు. అదే నెలలో ఏబీసీ చానల్లో ‘ది ఆడ్ కపుల్’ వచ్చింది. విడాకులైన ఇద్దరు మగవాళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందన్నదే దాని కథ. ఒకడు అతి శుభ్రం, ఒకడు అతి చిందరవందర. 114 ఎపిసోడ్లు నడిచింది. చానళ్లు వేరైనా ఆ నెలను పక్కపక్కన పెట్టి చూడాలి. మగవాడి విడాకులు నవ్వుకు పనికొచ్చాయి, ఆడమనిషి విడాకులు చానల్‌ను భయపెట్టాయి. విడాకులైన తల్లి కథ ‘వన్ డే ఎట్ ఎ టైమ్’ 1975లో గానీ రాలేదు. పైగా 1975లో ‘ఆడ్ కపుల్’ ముగిసినప్పుడు శుభ్రం మనిషి తన మాజీ భార్యనే మళ్లీ పెళ్లాడతాడు. అప్పటి ప్రేక్షకులకు కూడా తీర్పు మర్నాడు అలాగే ఉండిపోతే మనసొప్పలేదు. ఆ ఊరట అవసరం లేదనే ధైర్యం వచ్చేసరికి 1993 అయింది.

ఇప్పుడు మన వైపు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. ఇద్దరి అంగీకారంతో విడిపోయే 13-బి సెక్షన్‌ను 1976లో చేర్చారు. దాని ప్రకారం ఏడాది విడిగా ఉండాలి, తర్వాత కలిసి పిటిషన్ వేయాలి, ఆరు నెలలు ఆగి మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలల గడువును అవసరాన్ని బట్టి కోర్టులు మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఈ దారి. ఒకరు ఒప్పుకోకపోతే కథ మారుతుంది. అతను విడాకులకు వేస్తాడు, ఆమె కాపురానికి రమ్మని వేస్తుంది, మధ్యలో మనోవర్తి కేసు, సామాన్ల కేసు. కౌన్సెలింగ్, వాయిదా, లోక్ అదాలత్, మళ్లీ వాయిదా. కడపలో గానీ కర్నూలులో గానీ ఫ్యామిలీ కోర్టు బయట చెట్టు కింద నిలబడి చూస్తే, ఒకే కేసు కోసం వచ్చిన రెండు కుటుంబాలు ఇరవై అడుగుల దూరంలో మొహాలు తిప్పుకుని నిలబడి ఉంటాయి. చిన్న పిల్లో పిల్లాడో మధ్యలో అటూ ఇటూ పరుగెత్తుతూ ఉంటారు. వాళ్లకు రెండు వైపులా అవ్వలూ అబ్బలూ ఉన్నారు, ఏ వైపు వెళ్లినా చేతిలో ఏదో ఒకటి పెడతారు. ఆ దూరం అలా ఏళ్లు నడుస్తుంది.

2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నవాళ్లు దేశంలో 13.6 లక్షల మంది దాకా ఉన్నారు. పెళ్లయినవాళ్లలో 0.24 శాతం. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవాళ్లు అంతకు దాదాపు మూడు రెట్లు. ఈ రెండో అంకెను అర్థం చేసుకుంటే తెలుగులో ఇలాంటి సిట్‌కామ్ ఎందుకు పుట్టలేదో చాలావరకు తెలుస్తుంది. మన దగ్గర విడిపోయిన దంపతుల్లో ఎక్కువమందికి తీర్పు అనేదే లేదు. ‘ఆమె పుట్టింట్లో ఉంది’ అంటారు. ఆ మాటకు కాలం లేదు, ముగింపు లేదు. నెల కావచ్చు, పదేళ్లు కావచ్చు. తీర్పు లేనప్పుడు మర్నాడు ఎక్కడి నుంచి వస్తుంది? సిట్‌కామ్‌కు నిలకడైన పరిస్థితి కావాలి. ఇక్కడ మనిషి నిలబడింది గడప మీద, లోపలా కాదు, బయటా కాదు.

అదే లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. విడాకులైనవాళ్లలోనూ, విడిగా ఉన్నవాళ్లలోనూ మగవాళ్ల కన్నా ఆడవాళ్లే ఎక్కువ. పెళ్లి విడిపోతే ఇద్దరూ విడిపోతారు కదా, మరి మగవాళ్లు తక్కువ ఎందుకున్నారు? ముఖ్య కారణం, మగవాడు త్వరగా మళ్లీ పెళ్లి చేసుకుంటాడు, ఆ జాబితాలోంచి వెళ్లిపోతాడు. తీర్పు కాగితం చేతికి రాకముందే మేనత్త ‘రెండో సంబంధం’ చూసి ఉంటుంది. విడాకులైన మగవాడిగా అతను గడిపే కాలం చాలా తక్కువ. అతని కథ చెప్పడానికి వ్యవధే ఉండదు. ఆమె మాత్రం ఆ మాటను మోస్తూ ఏళ్లు గడుపుతుంది, అందులో నవ్వుకునే భాగం అతనికి ఉన్నంత ఆమెకు లేదు. 1970 సెప్టెంబరులో అమెరికా చానళ్లు చేసిన తేడా మన పెళ్లిసంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ ఉంది. ‘ఇన్నోసెంట్ డివోర్సీ’ అని, ‘నామమాత్రపు పెళ్లి’ అని అక్కడ రాస్తారు. విడిపోవడం నేరం కానప్పుడు నిర్దోషి అని చెప్పుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

అయితే ఇది అనాదిగా ఇలాగే ఉందనుకోవడం పొరపాటు. రాయలసీమ పల్లెల్లో అనేక కులాల్లో పెద్దమనుషుల ముందు కూర్చుని విడిపోవడం, ఆ తర్వాత మారుమనువు చేసుకోవడం పాత ఆచారం. ఆడమనిషికి కూడా ఆ దారి ఉండేది. 1955 చట్టం సైతం 29వ సెక్షన్లో ఆచారం వల్ల వచ్చిన విడాకుల హక్కును చెరపకుండా ఉంచింది. పొలం పనిచేసుకునే ఇళ్లలో పొసగని కాపురాన్ని ముగించి ఇంకో కాపురం పెట్టడం బతుకులో భాగం. చదువులు, ఉద్యోగాలు, టౌను కాపురాలు వచ్చాక ‘పరువు’ అనే మాట బరువెక్కింది, మారుమనువు అనే మాటను పలకడానికే మొహమాటపడే స్థితి వచ్చింది. అంటే విడాకుల మర్నాడు అనేది మనకు పరాయి దేశం నుంచి రావాల్సిన ఆలోచన కాదు. జేజెమ్మల కాలంలో ఉన్నదే.

టీవీ దానికి తోడ్పడలేదు. డైలీ సీరియల్ వారానికి ఐదారు రోజులు రావాలి, రేపు కూడా చూడాలి అన్న ఆత్రం మీద నడుస్తుంది. విడాకుల కాగితం మీద సంతకం పెట్టబోయే చెయ్యి దగ్గర ఎపిసోడ్ ఆగుతుంది. మర్నాడు ఆ చేతిలోంచి పెన్ను జారుతుంది, వారం తర్వాత కాగితం చిరుగుతుంది, నెల తర్వాత ఇంకో కాగితం వస్తుంది. సంతకం పడిందంటే కథ అయిపోయినట్టే లెక్క. సిట్‌కామ్‌కు సంతకం పడ్డాకే కథ మొదలవుతుంది. రెండింటి నడకా పూర్తిగా ఎదురెదురు. ఫ్రేజియర్‌ను వారానికొకటి చొప్పున, ఏడాదికి ఇరవై నాలుగు దాకా, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి నాటకంలా ఆడి చిత్రీకరించారు. ఎక్కడ నవ్వుతారో ఎక్కడ నవ్వరో నటులకు అక్కడికక్కడే తెలిసేది. రాతకు తీరిక ఉండేది. రేపటి ఎపిసోడ్‌కు ఇవాళ డైలాగులు రాసే పద్ధతిలో అలాంటి కుర్చీ ఎపిసోడ్ రావడం కష్టం.

తెలుగులో సిట్‌కామ్ అసాధ్యం అనడానికి మాత్రం వీల్లేదు. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారాలు వచ్చిన ‘అమృతం’ అసలైన సిట్‌కామ్. ఇద్దరు స్నేహితులు, ఒక హోటల్, ఒక ఇంటి ఓనరు, ఇద్దరు భార్యలు. వారానికో చిక్కు, మళ్లీ ఉన్నచోటికి. సీమ ఇళ్లలో కూడా ఆదివారం రాత్రి అన్నం కంచాలు టీవీ ముందుకే వచ్చేవి. ఆ రూపం మనకు పడుతుందని అది చూపించింది. అది తాకని చోటు ఒక్కటే, పెళ్లి ముగిసిన ఇల్లు.

ఆ ఇంటిని కడపలో కడితే ఎలా ఉండాలి? ఫ్రేజియర్‌ను తెచ్చి పేర్లు మారిస్తే నిలవదు. సియాటిల్‌లో అతను ఒక స్త్రీతో కాఫీ తాగితే అది కాఫీ. కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర విడాకులైన మగవాడు ఒక ఆడమనిషితో టీ తాగితే, గ్లాసు చల్లారేలోపు ఆ కబురు ఇంట్లో ఉంటుంది. కాబట్టి ఇక్కడ ప్రేమకథ ‘రెండోసారి పెళ్లిచూపులు’ రూపంలోనే నడవాలి. అందులో హాస్యానికి కొదవ లేదు. మొదటిసారి తల వంచుకుని కూర్చున్న ఇద్దరు ఇప్పుడు సూటిగా మాట్లాడతారు. మీ కేసు ఎన్నేళ్లు నడిచింది, మనోవర్తి ఎంత, పిల్ల ఎవరి దగ్గర. పక్క గదిలో పెద్దవాళ్లు జాతకాలు చూస్తుంటే వీళ్లు వకీళ్ల ఫీజులు పోల్చుకుంటారు. అలా మాట్లాడుకుంటూ ఒకరి అలసట ఒకరికి అర్థమైతే, సిగ్గుతో నడిచే పెళ్లిచూపుల కన్నా అక్కడే ప్రేమ ఎక్కువ పుట్టవచ్చు.

ఉద్యోగం రేడియో కానక్కర్లేదు. శకునం చెప్పే బల్లికి కడపలో ఇంకా మంచి చోటు ఉంది, కల్యాణ మండపం. విడాకులైన మనిషి ఒక కల్యాణ మండపానికి మేనేజర్. ముహూర్తాలు మొదలైతే ఊపిరాడదు. అడ్వాన్సు రసీదులు, జనరేటర్‌కు డీజిల్, వంటపాత్రల లెక్క, మగపెళ్లివారి గదిలో గీజర్ పనిచేయడం లేదన్న రభస, తెల్లవారుజాము ముహూర్తానికి ఇంకా రాని సన్నాయి. ప్రతి పెళ్లివారూ అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది, "మీకెంతమంది పిల్లలు సార్?" అని. ప్రతిసారీ అతను ఏం చెబుతాడన్నదే ఆ సీరియల్‌కు తాళంచెవి. మూఢం వస్తే పెళ్లిళ్లుండవు, మండపం ఖాళీ. ఆషాఢంలోనూ అంతే. ఆ ఖాళీ నెలల్లోనే అతని సొంత సంబంధాల వేట, పాపతో ఆదివారాలు, నాయనతో తగాదాలు. పంచాంగమే సీజన్లను విడగొట్టి ఇస్తుంది. ఉగాది రోజు దేవుని కడప గుడికి హిందువులతో పాటు ముస్లింలూ వచ్చి దర్శనం చేసుకుంటారు. నాయననూ పాపనూ తీసుకుని అతను అక్కడికి వెళ్తే, అటు నుంచి మాజీ భార్య తన తల్లితో వస్తే, పాప ఇద్దరి మధ్య పరుగెత్తితే, కోర్టు చెట్టు కింద చూసిన ఆ ఇరవై అడుగులు ఈసారి దేవుడి గుడి ముందు కనిపిస్తాయి. అక్కడ పాత అత్తగారు నాయనను చూసి "మోకాళ్లు ఎట్లుండాయన్నా?" అని అడగడం ఒక మంచి సన్నివేశం. పిల్లల పెళ్లి రద్దయినా వియ్యంకుల పలకరింపు రద్దు కావాలని ఏ సెక్షన్‌లోనూ లేదు.

ఆమె పాత్రను మాత్రం జాగ్రత్తగా రాయాలి. అతని నవ్వులన్నీ ఆమెను తప్పుపట్టడం మీద నడిస్తే, అది ఊళ్లో ఇప్పటికే వినిపిస్తున్న మాటలకు టీవీ గొంతు ఇవ్వడమే అవుతుంది. ఆమెకు ఉద్యోగం ఉండాలి, తన కారణాలు ఉండాలి, మండపానికి వచ్చి అతని పొరపాటు ముఖాన చెప్పే హక్కు ఉండాలి.

నాయన పాత్ర ఇంకా తేలిక, ఇంకా లోతు. ఫ్రేజియర్ చివరి ఎపిసోడ్‌లో ముసలి మార్టిన్ మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. కడపలో ఆ సన్నివేశం రాస్తే ఊరు ఎంత ఉలిక్కిపడుతుందో ఊహించవచ్చు. కొడుక్కి సంబంధాలు చూడటానికి వెళ్లిన నాయన, అక్కడ అమ్మాయి పెద్దమ్మతో చెనిక్కాయల ధర గురించి గంటసేపు మాట్లాడి నవ్వుతూ వస్తే, ఆ రాత్రి కొడుకు మేడ మీద నులక మంచం పక్కన కూర్చుని ఏం అడుగుతాడు?

ఫ్రేజియర్ మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ మొత్తం ఒక కాఫీ హోటల్లోనే జరుగుతుంది. సియాటిల్ వచ్చి ఏడాదైంది. తమ్ముడు మామూలుగా ఒక మాట అడుగుతాడు, సంతోషంగా ఉన్నావా అని. ఫ్రేజియర్ జవాబు చెప్పలేడు. బయట వాన, మనుషులు లోపలికీ బయటికీ తిరుగుతుంటారు, తండ్రి వచ్చి గొడవపడి వెళ్తాడు, తమ్ముడు డాఫ్నీ మీద మనసుందని ఒప్పుకుంటాడు. ఈలోగా సర్వర్ అమ్మాయి తెచ్చే కాఫీ ప్రతిసారీ ఏదో ఒక తేడాతో వస్తుంది, అతను తిప్పి పంపుతుంటాడు. అన్నీ సద్దుమణిగాక సరైన కాఫీ వస్తుంది. ఇప్పుడు సంతోషమేనా అని ఆమె కాఫీ సంగతే అడుగుతుంది. అతను కాస్త ఆలోచించి, అవును, మొత్తమ్మీద చూసుకుంటే సంతోషమే అంటాడు.

కడపలో విడాకులైన మగవాణ్ణి అందరూ అడిగేది వేరే మాట, "మల్లా ఎప్పుడు చేసుకుంటావప్పా?" అని. సంతోషంగా ఉన్నావా అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఇక్కడ కూడా అనుకోకుండానే రావాలి. అర్ధరాత్రి దాటింది. మండపంలో చివరి బస్సు వెళ్లిపోయింది. నేల మీద తలంబ్రాల బియ్యం ఊడుస్తున్నారు. మేనేజర్ గేటు బయటికొచ్చి టీ బంకు దగ్గర నిలబడ్డాడు. మొదటి గ్లాసు మరీ తీపి, రెండోది నీళ్లు. బంకు పిల్లవాడు విసుక్కోకుండా మూడోది పెట్టి, అతని మొహంలోకి చూస్తున్నాడు.

"ఇప్పుడు సరిపోయిందా అన్నా?"

అతను ఒక గుక్క తాగి, లోపల ఆరిపోతున్న లైట్ల వైపు చూసి, "సరిపోయిందప్పా" అన్నాడు.